గరాజ్‌లో ఆ రెండు తలుపుల కారు: ఉంచుకోవాలా, వదలాలా?

ఇంటిల్లిపాదీ తిరగడానికి ఒక ఎస్‌యూవీ ఉంది. ఆఫీసుకు వెళ్లడానికి ఇంకొకటి ఉంది. అయినా గరాజ్‌లో ఓ పక్కన మూడో కారు కవరు కప్పుకుని కూర్చుంది. అది 2002 లెక్సస్ ఎస్‌సీ 430 కావచ్చు, 1999 మెర్సిడెస్ ఎస్‌ఎల్ 500 కావచ్చు, టాప్ తెరుచుకునే పాత బీఎండబ్ల్యూ త్రీ సిరీస్ కావచ్చు. తలుపులు రెండే. వెనక సీటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. వీకెండ్ పాట్‌లక్‌లో స్నేహితుడు అడుగుతాడు: "ఇంకా అమ్మలేదా గురూ ఆ బండిని?" మీరు నవ్వి ఊరుకుంటారు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాగితం వస్తుంది, డబ్బు కట్టేస్తారు. ఇంకో ఏడాది గడిచిపోతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో ఇలాంటి కార్లు చాలానే ఉన్నాయి. మీ దగ్గరా ఒకటుంటే ఈ అధ్యాయం మీ కోసమే. "పాత వస్తువుల మీద మమకారం తగ్గించుకోండి" అని చెప్పడానికి నేను రాలేదు. పాత కూపేను, కన్వర్టిబుల్‌ను ఉంచుకోవడంలో తప్పేమీ లేదు. నన్ను కలవరపెట్టేది ఒక్కటే. చాలామంది ఉంచుకోవాలని నిర్ణయించుకుని ఉంచుకోవడం లేదు. నిర్ణయాన్ని వాయిదా వేస్తూ ఉంచుకుంటున్నారు. ఆ వాయిదాలోనే బండి పాడైపోతుంది, చివరికి అమ్మడానికీ నడపడానికీ కాకుండా పోతుంది. అంత దూరం రానివ్వకండి.

ముందు అసలు కారణం తేల్చుకోండి

"ఎందుకు ఉంచుకున్నారు?" అని అడిగితే ఎక్కువమంది మొదట చెప్పేది డబ్బు సంగతి. "ఇప్పుడు అమ్మితే ఏమొస్తుందండీ?" అంటారు. అది నిజమే. కొత్తగా కొన్నప్పుడు అరవై, డెబ్బై వేల డాలర్లు పలికిన కారు ఇరవై ఏళ్లలో పడాల్సినంతా పడిపోయింది. ఇక పడడానికి పెద్దగా మిగల్లేదు. కానీ కారణం అదొక్కటే అయితే మీరు ఎప్పుడో అమ్మేసేవారు. కొంచెం లోతుకు వెళ్దాం.

అలాంటి కారు మళ్లీ దొరకదన్నది రెండో కారణం. ఇది ఉత్త మాట కాదు. మెర్సిడెస్ చిన్న కన్వర్టిబుల్ ఎస్‌ఎల్‌సీ 2020లో ఆగిపోయింది. ఆడీ టీటీ 2023లో, జాగ్వార్ ఎఫ్ టైప్ 2024లో ముగిసిపోయాయి. మెర్సిడెస్ సీ క్లాస్‌లోనూ ఈ క్లాస్‌లోనూ విడివిడిగా ఉన్న రెండు తలుపుల కార్లను కలిపేసి, సీఎల్ఈ అని ఒక్కటే మిగిల్చింది. ఎస్‌ఎల్ ఇంకా ఉంది కానీ ఇప్పుడది ఎక్కువగా ఏఎంజీ పేరుతోనే వస్తోంది, ఖరీదు లక్ష డాలర్లు దాటింది. లెక్సస్ ఎస్‌సీ 430 లాంటి మెత్తటి వీ8 కన్వర్టిబుల్‌ను మామూలు ఉద్యోగి కొనగలిగే ధరలో ఇవాళ ఎవరూ తయారు చేయడం లేదు. "అమ్మేసి ఇలాంటిదే కొత్తది కొనుక్కుంటాను" అనే దారి చాలామందికి మూసుకుపోయింది. అందుకే మీ చేయి వెనక్కి లాగుతోంది. ఆ భావనలో తెలివితక్కువతనం ఏమీ లేదు.

మూడోదాన్ని మాత్రం ఎవరూ పైకి చెప్పరు. మీ జీవితంలో మీరు కొన్న కార్లు ఒకసారి వరసగా గుర్తు తెచ్చుకోండి. హెచ్1బీ మీద వచ్చిన కొత్తల్లో పాత క్యామ్రీ, అది అవసరం. పిల్లలు పుట్టాక ఆడిసీ వ్యాన్, అది వాళ్ల కోసం, ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నల కోసం. ఇల్లు కొన్నదీ స్కూల్ డిస్ట్రిక్ట్ చూసే. ఈ రెండు తలుపుల కారు ఒక్కటే ఎవరి అవసరానికీ కాకుండా మీకు నచ్చింది కాబట్టి కొన్నారు. దాన్ని అమ్మడమంటే, మీ కోసం మీరు తీసుకున్న ఆ ఒక్క నిర్ణయాన్ని కూడా వెనక్కి ఇచ్చేస్తున్నట్టు అనిపించడం లేదూ?

ఇంకా, అందులో కూర్చున్న మనుషులు. విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారు మఫ్లర్ చుట్టుకుని, పక్క సీట్లో నిటారుగా కూర్చుని, టాప్ తెరుచుకుంటుంటే వెనక్కి తిరిగి చూసిన సాయంత్రం ఆ కారుకు అంటుకుని ఉంటుంది. ఆయన ఇప్పుడు లేకపోతే ఆ సీటు విలువ ఏ ధరల పట్టికలోనూ కనిపించదు.

ఈ నాలుగూ మంచి కారణాలే. చెడ్డ కారణం ఒకటుంది: "ఫోటోలు తీయాలి, ప్రకటన పెట్టాలి, వచ్చేవాళ్లకు జవాబు చెప్పాలి, ఎవరు పడతారు ఆ గోల?" మీ మనసులో ఉన్నది ఇదేనేమో నిజాయితీగా చూసుకోండి.

తేల్చుకోవడానికి మూడు చిన్న పనులు చేయండి. ఇవాళే, కాగితం మీద.

1. "నేను ఈ కారును ఉంచుకుంటున్నది ఫలానా దాని కోసం" అని ఒకే వాక్యం రాయండి. రెండో వాక్యం అవసరమైతే మొదటిది అసలు కారణం కాదేమోనని అనుమానించండి.

2. ఈ కారు మీది కాదనుకోండి. పక్క వీధిలో ఇదే రంగు, ఇదే వయసు, ఇవే జబ్బులతో అమ్మకానికి ఉంది. ఇవాళ మీ కారుకు వచ్చే ధరకే ఇస్తామంటున్నారు. కొంటారా? వెంటనే "కొంటాను" అనిపిస్తే ఉంచుకోండి. ముఖం చిట్లించారంటే జవాబు మీకు దొరికినట్టే.

3. గడిచిన పన్నెండు నెలల్లో, బ్యాటరీ చచ్చిపోతుందన్న భయంతో కాకుండా, నడపాలనిపించి దాన్ని ఎన్నిసార్లు బయటికి తీశారు?

మూడో ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. ఫర్వాలేదు. ఒక్కసారి కూడా తీయలేదంటే ప్రేమ లేదని అర్థం చేసుకోనక్కర్లేదు. బండి బాగాలేక భయపడి తీయకపోయి ఉండవచ్చు. అది బాగుచేసుకోగలిగిన సంగతి.

రిపేరు లెక్కలో జరిగే రెండు పొరపాట్లు

మెకానిక్ 4,500 డాలర్లు అవుతుందన్నాడనుకోండి. టాప్ సిలిండర్లు, నాలుగు టైర్లు, సస్పెన్షన్ బుష్‌లు. కారు అమ్మితే 9,000 వస్తుంది. "కారు ఖరీదులో సగం రిపేరుకేనా? దండగ" అంటాడు బావమరిది. ఆయన పోలిక తప్పు. రిపేరు ఖర్చును కారు ధరతో పోల్చకూడదు. ఆ కారు లేకపోతే మీరు చేయబోయే పని ఖర్చుతో పోల్చాలి. దీన్ని అమ్మేసి 35,000 పెట్టి కొంచెం కొత్త కన్వర్టిబుల్ కొన్నారనుకోండి. మూడేళ్లలో దాని విలువ 12,000 తగ్గిందనుకున్నా ఏడాదికి 4,000 గాల్లో కలిసిపోయినట్టే. సేల్స్ టాక్సు, పెరిగిన ఇన్సూరెన్స్ వేరు. అలా చూస్తే 4,500 పెట్టి మూడేళ్లు నిశ్చింతగా నడుపుకోవడం నష్టమేమీ కాదు.

అయితే ఒక మాట. దీన్ని అమ్మితే ఇంకో కారు కొననే కొననంటే ఈ లెక్క మీకు వర్తించదు. అప్పుడిది పూర్తిగా సరదా ఖర్చు. సరదాకు ఏడాదికి ఎంత పెట్టగలమో భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని అనుకోండి. ఆ అంకెను దాటనని మాటివ్వండి.

రెండో పొరపాటు దీనికి ఎదురుది. "ఇప్పటికే పన్నెండు వేలు పోశాను, ఇప్పుడెలా వదులుతాను?" పోసింది పోయింది. అది రేపటి నిర్ణయంలోకి రాకూడదు. రేపు పెట్టబోయే ప్రతి డాలరుకూ రేపు ఏం వస్తుందో అదే చూడండి.

పాత కారును పట్టుకుని ఉన్నది మీరొక్కరే అనుకోకండి. ఎస్ అండ్ పీ గ్లోబల్ మొబిలిటీ లెక్క ప్రకారం 2025లో అమెరికా రోడ్ల మీద తిరిగే వాహనాల సగటు వయసు 12.8 ఏళ్లు. పాతదాన్ని నడపడం ఇప్పుడు మామూలు విషయం అయిపోయింది. మీది కాస్త ఎక్కువ శ్రద్ధ కోరే పాతది, అంతే తేడా.

ఉంచుకోవాలని తేలిందా? అయితే ఇలా ఉంచుకోండి

1. నడపండి. దీనికి మించిన సర్వీసింగ్ లేదు. బీరువాలో మడత విప్పకుండా దాచిన పట్టుచీర ఆ మడతల దగ్గరే చిరుగుతుంది. కదలని కారు గతీ అంతే. రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, బ్రేకు డిస్కులు తుప్పు పడతాయి, టైర్లు ఒకే చోట బరువు మోసి చదునవుతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. రెండు వారాలకొకసారైనా అరగంట తగ్గకుండా రోడ్డు మీద తిప్పండి. ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కాలి, లోపల చేరిన తేమ ఆవిరై పోవాలి. చాలామంది చేసే పని, గరాజ్‌లో పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం. దానివల్ల మేలుకన్నా కీడే ఎక్కువ. ఆయిల్ సరిగా వేడెక్కదు, సైలెన్సర్‌లో నీళ్లు నిలుస్తాయి, బ్యాటరీ కూడా సరిగా ఛార్జ్ కాదు. గరాజ్ తలుపు మూసి ఉంటే ఆ పొగ ప్రాణం మీదికి కూడా తెస్తుంది.

న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో ఇర్వ్ గార్డన్ అనే సైన్సు మాస్టారు ఉండేవారు. 1966లో ఎర్రటి వోల్వో పీ1800 కూపే కొన్నారు. దాన్ని దాచుకోలేదు, రోజూ బడికి అందులోనే వెళ్లారు. సెలవు దొరికితే దేశమంతా తిరిగారు. కంపెనీ పుస్తకంలో చెప్పినట్టు వేళకు ఆయిల్ మార్పించారు. 2013లో ఆ కారు 30 లక్షల మైళ్లు దాటింది. 2018లో ఆయన చనిపోయేదాకా ఆ కారుకు ఆయనొక్కరే యజమాని. మనం అన్ని మైళ్లు నడపనక్కర్లేదు. కానీ నడుస్తూ ఉన్న బండి ఎంత కాలం నిలుస్తుందో చూడండి.

2. టైరు వయసు చూడండి. అరుగుదల చూసి మోసపోకండి. టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 3516 అని ఉంటే 2016లో 35వ వారం తయారైందని. తక్కువ తిరిగే కారు టైరు మీద గాట్లు కొత్తగానే కనిపిస్తాయి, లోపల రబ్బరు మాత్రం గట్టిపడిపోతుంది. ఆరేళ్లు దాటితే ఏటా చూపించండి. పదేళ్లు దాటితే మారు మాట లేకుండా మార్చేయండి.

3. కన్వర్టిబుల్ అయితే నీళ్లు పోయే రంధ్రాలు వెతకండి. ఇది చాలామంది యజమానులకు తెలియదు. టాప్ మీద పడిన వాన నీరు అంచుల్లోని సన్నటి గొట్టాల గుండా కింద పడిపోయేలా కారును తయారు చేస్తారు. వాటిలో ఆకులు, దుమ్ము ఇరుక్కుంటే నీళ్లు లోపలికి మళ్లి కార్పెట్ కిందికో, డిక్కీలోకో చేరతాయి. కొన్ని కార్లలో ఎలక్ట్రానిక్ పెట్టెలు సరిగ్గా అక్కడే ఉంటాయి. సీటు కింద తడి తగిలిందంటే, ముక్కిన వాసన వచ్చిందంటే ఆలస్యం చేయకండి. గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వాడే నైలాన్ తీగను మెల్లగా దూర్చి శుభ్రం చేయవచ్చు. గాలి పంపుతో గట్టిగా కొట్టకండి, లోపల గొట్టం ఊడిపోతుంది.

4. టాప్‌ను నెలకొకసారి తెరిచి మూయండి. పాత ఎస్‌ఎల్‌లో, జాగ్వార్ ఎక్స్‌కే8లో టాప్ హైడ్రాలిక్స్‌తో కదులుతుంది. పదిహేను, ఇరవై ఏళ్లకు సిలిండర్ల సీళ్లు గట్టిపడి నూనె కారుతుంది. ఎక్స్‌కే8లో అయితే ముందు అద్దం పైన ఉన్న కొక్కెం దగ్గర గొట్టం పగిలి, పచ్చటి నూనె నేరుగా నడిపేవాళ్ల నెత్తిన పడుతుంది. టాప్ మధ్యలో ఆగిపోతే చేత్తో బలవంతంగా లాగకండి. చేత్తో మూసే పద్ధతి యజమాని పుస్తకంలో ఉంటుంది, దాని ప్రకారమే చేయండి. సిలిండర్లన్నీ కొత్తవి కొననక్కర్లేదు కూడా. ఊడదీసి పంపితే సీళ్లు మార్చి తిరిగి పంపే నిపుణులున్నారు, ఖర్చు చాలా తగ్గుతుంది. వెనక అద్దం ప్లాస్టిక్‌దైతే గడ్డకట్టే చలిలో టాప్ మడవకండి, చిట్లిపోతుంది.

5. మీ మోడల్ పుట్టు జబ్బు ఏమిటో తెలుసుకోండి. ప్రతి పాత కారుకూ ఒకటి రెండు ఉంటాయి. అవి తెలిసినవాడికి ఆ కారు భయపెట్టదు, తెలియనివాడికే అర్ధరాత్రి హైవే పక్కన నిలబడే గతి పడుతుంది.

1990ల మొదటి సగంలో వచ్చిన కొన్ని మెర్సిడెస్‌లలో ఇంజిన్ వైర్ల పైతొడుగు పొడిపొడిగా రాలిపోతుంది. ఆ కాలపు ఎస్‌ఎల్ కొన్నవాళ్లు మొదట అడగాల్సింది, వైరింగ్ మార్చారా అని. దాని తర్వాతి తరం ఎస్‌ఎల్, అంటే లోహపు టాప్ డిక్కీలోకి మడిచిపోయేది, ఇంకా చిక్కైన బండి. 2003 నుంచి 2006 దాకా వచ్చిన వాటిలో ఎస్‌బీసీ అనే ఎలక్ట్రానిక్ బ్రేకుంది. అమెరికాలో ఆ బ్రేకు యూనిట్‌కు కంపెనీ వారంటీని 25 ఏళ్లకు పొడిగించింది. కాబట్టి జేబులోంచి డబ్బు తీసేముందు మీ బండి నంబరు చెప్పి డీలరును అడగండి. అదే కారులో ఏబీసీ అనే హైడ్రాలిక్ సస్పెన్షన్ ఉంటే మాత్రం పొదుపు డబ్బు ఎక్కువగా పక్కన పెట్టుకోవాలి, వేరే దారి లేదు.

2000ల మొదట్లో వచ్చిన బీఎండబ్ల్యూ త్రీ సిరీస్‌లో బలహీనత కూలింగ్ వ్యవస్థ. కూలెంట్ ట్యాంకు ప్లాస్టిక్‌ది, వయసు మీద పడ్డాక ఒక ఎండాకాలం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా పగులుతుంది. పంపు, థర్మోస్టాట్, ట్యాంకు, గొట్టాలు అన్నీ ఒకేసారి మార్పించండి. ఒక్కొక్కటి పాడయ్యేదాకా ఆగితే ఇంజిన్ హెడ్ వంగిపోతుంది. ఎక్స్‌కే8 తొలి ఏళ్ల బళ్లలో టైమింగ్ చైన్ టెన్షనర్లు ప్లాస్టిక్‌వి. లోహపువి వేయించారో లేదో రసీదులు చూడండి. లెక్సస్ ఎస్‌సీ 430 వీటన్నిటికన్నా నెమ్మదస్తురాలు. దానికి ముఖ్యమైన జాగ్రత్త ఒకటే, 90,000 మైళ్లకు టైమింగ్ బెల్టు. మైళ్లు తిరగకపోయినా ఏళ్లు గడిస్తే బెల్టు ఎండిపోతుంది. అది తెగితే వాల్వులు దెబ్బతిని ఇంజినే పోతుంది.

6. ఒక మంచి మెకానిక్‌ను పట్టుకోండి. డీలరు దగ్గర కుర్ర టెక్నీషియన్ మీ కారు తయారైనప్పటికి పుట్టి కూడా ఉండకపోవచ్చు. మీ మోడల్‌ను పాతికేళ్లుగా విప్పి బిగిస్తున్న చిన్న షాపు ఊళ్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది. దాన్ని వెతకడానికి సులువైన దారి యజమానుల సంఘాలు. మెర్సిడెస్ బెంజ్ క్లబ్ ఆఫ్ అమెరికా 1956 నుంచి ఉంది, బీఎండబ్ల్యూ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1969 నుంచి ఉంది. దగ్గర్లోని శాఖ సమావేశానికి ఒక్కసారి వెళ్లి "మీరు బండి ఎవరికిస్తారు?" అని ముగ్గురిని అడగండి. ఇద్దరు ఒకే పేరు చెబితే పని అయిపోయినట్టే. ఆ మెకానిక్‌ను మూడు జాబితాలు రాసివ్వమనండి: ప్రాణానికి సంబంధించినవి, ఈ ఏడాదిలో చేయాల్సినవి, ఆగినా ఫర్వాలేనివి. మొదటిది వెంటనే చేయించండి. మూడో జాబితా చూసి బెంగపడకండి, పాత కారు ఉన్నన్నాళ్లూ అది ఉంటుంది.

7. ఇన్సూరెన్స్ మార్చండి. మామూలు పాలసీ కింద ప్రమాదం జరిగితే ఆ రోజు మార్కెట్ విలువే ఇస్తారు. మీరు బాగుచేయించిన ఖర్చు అందులో కలవదు. పాత, ప్రత్యేకమైన కార్లకు ముందే ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం ఇచ్చే పాలసీలున్నాయి. సాధారణంగా కారును గరాజ్‌లో ఉంచాలి, రోజువారీ వాడకానికి ఇంకో కారుండాలి, తక్కువ మైళ్లు తిరగాలి అని షరతులు పెడతారు. మీకు ఈ మూడూ ఎలాగూ ఉన్నవే కదా?

చలికాలం మొత్తం బండి తీయని ఊళ్లో ఉంటే ట్యాంకు నింపి, పెట్రోలు చెడిపోకుండా కాపాడే స్టెబిలైజర్ కలపండి. ఇక్కడి పెట్రోలులో ఉండే ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది. బ్యాటరీకి మెయింటెయినర్ తగిలించండి. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి.

ఇంట్లో జరగాల్సిన మాట

"ఏమండీ, ఆ కారు ఉన్న చోట నా కారు పెట్టుకుంటే పొద్దున్నే మంచు గోక్కునే పని తప్పుతుంది కదా?"

"ముందు ముందు రేటు పెరుగుతుందిలే, ఆగు."

ఈ సంభాషణ మీ ఇంట్లో జరిగిందా? జరిగి ఉంటే రెండో మాట ఇక ఎప్పుడూ అనకండి. లక్షల్లో తయారైన లగ్జరీ కార్లలో ధర పెరిగేవి బహు కొద్ది. పెరిగినా, మీరు కట్టే ఇన్సూరెన్స్, పెట్టే రిపేర్లు కలిపితే లాభం మిగలడం కష్టం. పెట్టుబడి అని చెప్పి ఒప్పించాలని చూస్తే, లెక్కలు అడిగిన రోజు మీ మాటకు విలువ పోతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "ఇది నాకు ఇష్టం. ఏడాదికి ఇంత ఖర్చవుతుంది. అంతకు మించనివ్వను."

ఆమె ఫిర్యాదు కారు మీద కాదని గమనించారా? మంచు గోక్కోవడం గురించి. కాబట్టి అది పరిష్కరించండి. చలికాలం నాలుగు నెలలు మీ కారును అద్దె గరాజ్‌లో పెట్టండి, లేదా ఇంటి గరాజ్‌లో సామాన్లు సర్ది ఇద్దరికీ చోటు చేయండి. ఇంకో పని కూడా చేయండి. ఆ కారులో ఆమెను ఎన్నాళ్ల కిందట తీసుకెళ్లారు? శుక్రవారం సాయంత్రం గుడికో, టాప్ తెరిచి సముద్రం ఒడ్డుకో తీసుకెళ్లండి. తాళాలు ఆమె చేతికీ ఇవ్వండి. మీ ఒక్కరి బొమ్మగా ఉన్నంతకాలం ఆ కారు ఇంట్లో పరాయిదే.

పిల్లలకు ఇస్తారా? ఊరికి తీసుకెళ్తారా?

"మా అబ్బాయి కోసమే ఉంచాను" అంటారు చాలామంది. అబ్బాయిని అడిగారా? అడగండి, కానీ ఇరుకున పెట్టేలా అడగకండి. "నాన్నా, నాకు వద్దు" అని చెప్పే వీలు వాడికి ఉండాలి. కోరుకుంటే కొంచెం ముందు నుంచే చేతికివ్వండి: ఆయిల్ మార్పించడం, రసీదులు ఫైలులో పెట్టడం వాడినే చేయనివ్వండి. ఇంట్లో కొత్తగా లైసెన్సు వచ్చిన పదహారేళ్ల పిల్లకో పిల్లాడికో రోజువారీ బండిగా మాత్రం ఇవ్వకండి. అమెరికాలో కారు జారిపోకుండా ఆపే స్టెబిలిటీ కంట్రోల్ అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి అయింది 2012 మోడళ్ల నుంచి. మీ కారులో అది ఉన్నా పాతకాలపుది. ఎయిర్‌బ్యాగులకూ వయసైపోయింది. మూడు వందల గుర్రాల ఇంజిన్, వెనక చక్రాలకు శక్తి, తడి రోడ్డు, కొత్త డ్రైవరు కలవకూడదు.

రిటైరయ్యాక హైదరాబాదుకో విశాఖకో తీసుకెళ్దామని కలలు కనేవాళ్లకు సూటిగా చెప్పాలి. వాడిన కారును భారతదేశానికి తేవాలంటే అది మూడేళ్లకు మించి పాతది కాకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. మీ ఇరవై ఏళ్ల అమెరికా కారు ఈ రెండింటిలో దేనికీ తూగదు. ఆ కలను ఇక్కడే పక్కన పెడితే, ఇక్కడ దాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్న ఆలోచన స్పష్టమవుతుంది. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో మీ తర్వాత కారు ఎవరికి చెందాలో టైటిల్ మీదే రాయించుకోవచ్చు. ఆ పని ఇప్పుడే చేసిపెట్టండి.

వదలాలని తేలితే

రెండో ప్రశ్న దగ్గర ముఖం చిట్లించినవాళ్ల కోసం ఈ భాగం. మీరు ఓడిపోలేదు. నడిపేవాడి దగ్గరికి ఆ కారు వెళ్లడం దానికి మంచిదే, మీ గరాజ్‌కూ మంచిదే.

1. వసంతంలో అమ్మండి. డిసెంబరులో కన్వర్టిబుల్ కొనేవాడు బేరమాడడానికే వస్తాడు. మార్చి, ఏప్రిల్‌లో ఎండ కనిపించగానే అడిగేవాళ్లు పెరుగుతారు.

2. రసీదులన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టండి. పాత లగ్జరీ కారు కొనేవాడు రంగు కన్నా ముందు కాగితాలు చూస్తాడు. టైమింగ్ బెల్టు మార్చిన ఒక్క రసీదు ధరను నిలబెడుతుంది.

3. లోపాలు మీరే ముందు చెప్పండి. టాప్ కారుతోందా? చెప్పండి. అతను కనిపెట్టే లోపం మీరు దాచినదిగా మారితే, మిగతా కారంతా అనుమానంలో పడుతుంది.

4. పెద్ద రిపేర్లు చేయించి అమ్మకండి, ఆ డబ్బు తిరిగి రాదు. శుభ్రం చేయించండి, బ్యాటరీ బాగుండేలా చూడండి, వచ్చినవాడి ముందు టాప్ తెరుచుకునేలా చూడండి. చాలు.

5. ప్రకటన పెట్టేముందు క్లబ్బులో చెప్పండి. ఆ మోడల్ విలువ తెలిసినవాడు బేరం తక్కువ చేస్తాడు, బండిని ఎక్కువ కాలం చూసుకుంటాడు.

అమ్మిన రోజు చేయాల్సిన పనులను మాత్రం ఉద్వేగంలో మరిచిపోతుంటారు. టైటిల్ మీద సంతకాలయ్యాక అమ్మినట్టు తెలిపే ఫారం అదే రోజు డీఎంవీకి పంపండి. లేకపోతే కొత్త యజమాని తప్పు చోట పార్క్ చేసినా జరిమానా కాగితం మీ ఇంటికే వస్తుంది. మీ రాష్ట్రంలో నంబరు ప్లేటు అమ్మినవారిదైతే ఊడదీసి ఉంచుకోండి. ఈజీపాస్ గానీ ఫాస్ట్రాక్ గానీ అద్దం మీది టోల్ ట్యాగు తీసేయండి. అద్దం మీదో సన్‌వైజర్ మీదో గరాజ్ తలుపు తెరిచే బటన్లుంటే వాటి జ్ఞాపకం చెరిపేయండి, మీ ఇంటి తలుపు అందులోనే ఉంది. ఫోను జత చేసి ఉంటే ఆ పేరు తొలగించండి. డిక్కీలో స్పేర్ టైరు కింద, సీట్ల సందుల్లో, గ్లవ్ బాక్సులో ఒకసారి చేత్తో తడిమి చూడండి. ఆ తర్వాత రెండో తాళం, యజమాని పుస్తకం, రసీదుల ఫైలు కొన్నాయన చేతిలో పెట్టి, డబ్బు మీ ఖాతాలో పడిందని బ్యాంకు చెప్పాకే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి పాలసీ ఆపించండి.